కృతజ్ఞతల గడి

మూడో అంతస్తు మెట్లు ఎక్కేసరికి ఫారాలమ్మకు ఎప్పుడూ ఆయాసం వచ్చేది. తలుపు తట్టే ముందు గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. ఆ సోమవారం నిలబడిన చోటికి ఎదురుగా పక్క వాటా తలుపు ఉంది. దానికి తాళం వేసి ఉంది. తాళంకప్పకూ గొళ్లేనికీ మధ్య సాలీడు గూడు కట్టింది, ఆ గూటి మీద దుమ్ము పేరుకుంది. ఊపిరి సర్దుకునేదాకా చూడటానికి ఇంకేమీ లేదు కనుక ఆమె ఆ తాళం వైపే చూసింది. చూసింది అనడం కూడా ఎక్కువే. కళ్లు అక్కడ ఉన్నాయి, అంతే.

చర్చి తరఫున ఇళ్లకు వెళ్లి ఫారాలు నింపడం ఆమె పని. పద్దెనిమిదేళ్లుగా అదే పని కావడంతో అసలు పేరు ఎక్కడో జారిపోయి ఫారాలమ్మ మిగిలింది. కాగితాలు పోయి చేతిలోకి ట్యాబ్ వచ్చినా పేరు మారలేదు. చర్చి నడిపే సంరక్షణ గృహానికి కూడా అలాంటి పేరే ఉంది. మంచాన పడి, చూసే దిక్కు లేనివాళ్లను చివరిదాకా ఉంచుకునే చోటు అది. మంచాలు తొమ్మిది కాబట్టి తొమ్మిది మంచాల ఇల్లు అనేవాళ్లు. అక్కడ ఒక మంచం ఖాళీ అయిందంటే ఎవరో పోయినట్టే. పోయిన ఆదివారం ఒకటి ఖాళీ అయింది.

తలుపు తీసిన పెద్దామె చేతిలో సూది ఉంది. నలభై ఏళ్లు పుస్తకాలు బైండు చేసిన మనిషి. డెబ్భైనాలుగేళ్ల వయసులో కూడా చర్చి పాటల పుస్తకాలు చిరిగితే తెప్పించుకుని కుట్టి పంపేది. "రండమ్మా, కాళ్లు జాగ్రత్త, జిగురు గిన్నె ఉంది," అంది. గది ఒకటే. కిటికీ పక్కన మంచం మీద చెల్లెలు. నడుం కింద నుంచి కదలిక లేక పదకొండేళ్లయింది.

ఫారాలమ్మ స్టూలు లాక్కుని కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. బైండరమ్మ కింద చాప మీద కూర్చుని, దారానికి మైనం రాస్తూ, తల ఎత్తకుండా జవాబులు చెప్పింది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. పగలూ రాత్రీ కూడా. నడుం కింద దుప్పటి మడత పెట్టి, దాని అంచు పట్టుకుని లాగాలి. సాయం ఎవరన్న గడి దగ్గర ఆమె, "నేనే," అంది. మీ ఆరోగ్యం ఎలా ఉంది అన్నప్పుడు, "నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నా," అంది.

"దాని మాట నమ్మకండి," అంది చెల్లెలు మంచం మీంచి. "నిన్న స్నానానికెళ్లి అరగంట బయటికి రాలేదు. ఆయాసమొచ్చి బకెట్టు బోర్లించుకుని కూర్చుంది."

"ఆయాసం కాదు, పాడూ కాదు. నీ గోల లేకుండా హాయిగా ఉందని కూర్చున్నా."

ఫారాలమ్మ నవ్వింది. నవ్వుతూనే, పెద్దామె ఆరోగ్యం దగ్గర 'ఫరవాలేదు' అన్న గుండ్రాన్ని నొక్కింది.

చివరికి ఒక్క గడి మిగిలింది. పూర్వం ఉన్న పాస్టరుగారు పెట్టిన ఆనవాయితీ అది. ప్రతి ఫారం అడుగునా, 'దేవునికి కృతజ్ఞత చెప్పదగిన ఒక సంగతి' అని ఒక గీత ఉండేది. ఫారాలమ్మకు మొత్తం ఫారంలో నచ్చేది అదొక్కటే. మిగతా ప్రశ్నలన్నీ ఏది విరిగింది, ఏది పోయింది అని తవ్వి తవ్వి అడుగుతాయి. ఆ గీత దగ్గరికి వచ్చేసరికి మనిషి కాస్త తలెత్తుతాడు. ఆ తలెత్తడం చూడటం కోసమే తను ఈ మెట్లన్నీ ఎక్కుతున్నానని ఆమె అనుకునేది. కాగితం రోజుల్లో ఎవరైనా ఏమీ చెప్పలేకపోతే గీతను అలాగే వదిలేసేది. ఇప్పుడు వదలడానికి వీల్లేదు. ఖాళీగా ఉంటే గడి చుట్టూ ఎర్రగా వెలుగుతుంది, ఫారం కదలదు.

బైండరమ్మ సూది ఆగింది. ఆమె చూపు గదిలో మెల్లగా తిరిగింది. పొయ్యి, మందుల డబ్బా, తాడు మీద ఆరేసిన దుప్పట్లు, కిటికీ, మళ్లీ పొయ్యి. 

"ఏదో ఒకటి చెప్పండమ్మా," అంది ఫారాలమ్మ బుజ్జగింపుగా. "ఖాళీగా ఉంచితే ఇది ముందుకు పోదు. చిన్నదైనా సరే."

పెద్దామె తలుపు వైపు చూసింది. "రాసుకోండి. పక్కవాటా ఆవిడ రోజూ వచ్చి ఓ చెయ్యి వేస్తుంది. మనసున్న మనిషి. అంతా దేవుడి దయ."

ఫారాలమ్మ సంతోషంగా టైపు చేసింది. అక్క అన్న ప్రతి మాటకూ ఇంకో మాట అతికించే చెల్లెలు అప్పుడు మాత్రం ఏమీ అనకుండా కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

బుధవారం సాయంత్రం చర్చి వెనక గదిలో కమిటీ కూర్చుంది. పాస్టరుగారు ప్రార్థన చేశాక ఇంజనీరు జాబితా తెరిచాడు. ఆదివారాలు పాటల బృందంలో మంద్రస్వరం పాడే మనిషి, కంప్యూటరు ప్రోగ్రామును గృహం కోసం ఊరికే తయారుచేసి ఇచ్చాడు. ఆ కంప్యూటరు ఫారాలన్నీ చదివి, ఎవరి అవసరం ఎంతో అది నూటికి ఇంత అని అంకె వేస్తుంది. కమిటీలోని రిటైర్డు హెడ్మాస్టరు దానికి కొత్త సంఘపెద్ద అని పేరు పెట్టాడు. టీ అడగదు, అలగదు, ఇంతకన్నా మంచి సంఘపెద్దను తన జన్మలో చూడలేదని ప్రతి మీటింగులోనూ అనేవాడు. ఆ రోజూ అన్నాడు.

మొదటి పేరు పాత లారీ మెకానిక్కుది. ఎనభై ఎనిమిది. ఫారాలమ్మకు అతని ఇల్లు గుర్తొచ్చింది. కృతజ్ఞతల గడి దగ్గర అతను, "ఏముందని చెప్పమంటావు? ఏమీ లేదని రాయి," అని కసిరాడు. ఆమె అలాగే రాసింది. అక్కాచెల్లెళ్లు ఆరో చోట ఉన్నారు. నలభై ఏడు.

ఆమె సాధారణంగా ఆ గదిలో మాట్లాడదు. అడిగితే చెబుతుంది. ఆ రోజు మాత్రం గొంతు సవరించుకుని లేచి నిలబడింది. మెకానిక్కుకు అవసరం లేదని తను అనడం లేదనీ, కానీ ఆ పెద్దామె డెబ్భైనాలుగేళ్ల ఒంటితో నిలువెత్తు మనిషిని పదకొండేళ్లుగా తిప్పుతోందనీ, ఆమె మొహం చూస్తే ఎక్కువ రోజులు ఓపేలా లేదనీ చెప్పింది. చెబుతున్నప్పుడే ఆమెకు తను నొక్కిన 'ఫరవాలేదు' గుర్తొచ్చింది. దాని సంగతి ఎత్తలేదు.

పాస్టరుగారు విసుక్కోలేదు. అద్దాలు తీసి రుమాలుతో తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"మొహం చూసి ఇచ్చిన రోజులు నాకు తెలుసమ్మా," అన్నాడు. "మా అత్తగారికి మంచం ఇప్పించింది నేనే. ఆ వారమే ఇంకొకావిడ ఆస్పత్రి వరండాలో పోయింది. ఆవిడ ఫారం కూడా మీరే తెచ్చారు. దేవుడు పక్షపాతం చూపించడు. మనం చూపిస్తాం. ఇది చూపించదు. నన్ను మళ్లీ ఆ కుర్చీలో కూర్చోమనకండి."

 ఫారాలమ్మ కూర్చుంది. వచ్చే మంచానికి మళ్లీ అడగవచ్చులే అనుకుంది. అలా అనుకోగానే మనసు కుదుటపడింది. అంత తొందరగా కుదుటపడటం ఆమెకే నచ్చలేదు. జాబితా అడుగున 'నిర్ణయం' అన్న మాట పక్కన ఎప్పటిలాగే 'కంప్యూటరు' అని వచ్చింది. ఇంజనీరు దాన్ని మూసేశాడు.

శుక్రవారం పొద్దున ఆమె ఆ మెట్లు మళ్లీ ఎక్కింది. ఈసారి మంచం రాలేదని, వచ్చేసారి చూద్దామని ఫోనులో చెప్పడం మర్యాద కాదనిపించింది. గోడకు చెయ్యి ఆనించి ఊపిరి సర్దుకుని తలుపు తట్టింది. లోపలి నుంచి చెల్లెలి గొంతు వచ్చింది. గడియ వేసి లేదు, నెట్టండి అని. గొంతు మామూలుగానే ఉంది. మరీ మామూలుగా ఉంది.

బైండరమ్మ నేల మీద మోకాళ్ల మీదికి ఒరిగి, తల మంచం పట్టె మీద ఆనించి ఉంది. కుడి పిడికిట్లో దుప్పటి అంచు. పక్క మార్చడానికి లాగబోయి అలాగే కూలిపోయింది. చెల్లెలు సగం తిరిగిన భంగిమలో, ఒక భుజం గాల్లో ఉండగా పడుకుని ఉంది. ఆమె చెయ్యి అక్క జుట్టు మీద ఉంది.

"తెల్లవారుతుండగా," అంది చెల్లెలు. "నాలుగు సార్లు పిలిచా. తర్వాత పిలవలేదు. పిలిస్తే లేవాలనుకుంటుంది కదా, పాపం."

ఫారాలమ్మ ముందు పెద్దామె పిడికిలి విప్పబోయింది. బొటనవేలు పక్కకు వంకరపోయి ఉంది, నలభై ఏళ్లు సూది నొక్కిన వేలు. విప్పుకోలేదు. దుప్పటినే రెండో వైపు నుంచి జాగ్రత్తగా లాగింది. చాప మీద పాటల పుస్తకం సగం కుట్టి ఉంది. సూది దారంతో సహా అట్టకు గుచ్చి ఉంది, మళ్లీ వచ్చి తీసుకుంటానన్నట్టు.

మధ్యాహ్నానికల్లా కొత్త ఫారం వెళ్లింది. చూసేవాళ్లు ఎవరూ లేరు. తొంభై ఆరు. అంత పెద్ద అంకె ఆ కంప్యూటరు ఎప్పుడూ వెయ్యలేదని ఇంజనీరు తర్వాత చెప్పాడు. ఖాళీ మంచానికి అప్పటికే మెకానిక్కు వచ్చేశాడు కాబట్టి, దుప్పట్లు పెట్టుకునే గది సర్ది, అటక మీది ఇనుప మంచం దించి వేశారు. తొమ్మిది మంచాల ఇంట్లో పదో మంచం అంత సులువుగా పడుతుందని ఎవరికీ తెలియదు. తెలిసినందుకు ఎవరూ సంతోషించలేదు. సంరక్షకుడు పట్టె బిగిస్తూ రెంచీ జారవిడిస్తే ఆ చప్పుడుకు అందరూ ఉలిక్కిపడ్డారు.

శనివారం పెద్దామెను సమాధి చేసి, సమాధుల తోట నుంచి తిరిగి వస్తూనే ఫారాలమ్మ ఇంజనీరును ఆపింది. నలభై ఏడు ఎలా వచ్చిందో తనకు చూపించమంది. వెనక గదిలో అతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు, చెప్పులకు ఇంకా మట్టి ఉంది. పాస్టరుగారు తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

అతను సోమవారం నాటి ఫారం తెరిచి, ఒక్కొక్క గడీ మార్చి చూశాడు. వయసు మారిస్తే అంకె కొద్దిగా కదిలింది. 'ఫరవాలేదు' తీసేస్తే ఇంకొంచెం కదిలింది. చివరి గడిలో ఉన్న మూడు వాక్యాలూ తుడిచేసేసరికి నలభై ఏడు కాస్తా తొంభై అయింది. అతను మళ్లీ ఆ వాక్యాలు పెట్టాడు. నలభై ఏడు. ఆపైన పాతవాళ్ల ఫారాలు ఒక పది తీసి చూశాడు. ఎండ బాగా వస్తుంది, దేవునికి స్తోత్రం అన్నవాళ్లకు పది తగ్గింది. మనవరాలు ఉత్తరం రాసింది అన్నవాళ్లకు పన్నెండు. ఏమీ లేదు అన్నవాళ్లకు ఏమీ తగ్గలేదు.

"నేను దీనికి అలా చెప్పలేదండీ," అన్నాడు ఇంజనీరు. గొంతు బాగా కిందికి దిగింది. "పాత ఫారాలూ, వాటి మీద అప్పటి కమిటీ నిర్ణయాలూ ఇచ్చాను. చూసి నేర్చుకుంది. సంతోషంగా మాట్లాడినవాళ్లను మనం ఎప్పుడూ వెనక్కే నెట్టాం. సర్దుకుంటున్నారులే అనుకుని."

పాస్టరుగారు దాన్ని సరిచెయ్యగలవా అని అడిగాడు.

"సోమవారానికి చేసేస్తా. పెద్ద పని కాదు. అది సరిదిద్దుకుంటుంది. పశ్చాత్తాపపడదు, అంతే. ఆ పని మనలో ఎవరో ఒకరు చెయ్యాలి."

అతను ఆ మాట ఎవరినీ ఎత్తిపొడవడానికి అనలేదు. యంత్రం ఏ పని చేస్తుందో, ఏది చెయ్యదో చెబుతున్నట్టే అన్నాడు. పాస్టరుగారు జాబితా అడుగున ఉన్న 'నిర్ణయం: కంప్యూటరు' వైపు చాలాసేపు చూశాడు.

"మొహం చూడదని మనం మురిసిపోయాం, అయ్యగారూ," అంది ఫారాలమ్మ. "ప్రభువు చూడని మొహం ఒక్కటైనా ఉందా? కుష్ఠు వచ్చినవాణ్ణి కూడా దగ్గరికెళ్లి చూశాడు, ముట్టుకున్నాడు."

"ఆయన చూశాడమ్మా," అన్నాడు పాస్టరుగారు. "నేను చూస్తే మా అత్తగారే కనబడింది."

ఆమె కొంగు సర్దుకుని బయటికి వచ్చింది. ఇంటికి నడుస్తుంటే అడుగు తేలిగ్గా పడుతున్నట్టు అనిపించింది. రెండు రోజులుగా గుండెల్లో ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతున్న బరువుకు ఒక చోటు దొరికింది. కృతజ్ఞతను చదవడం రాని యంత్రం, దానికి అలా నేర్పిన పాత కమిటీ. తను రాసింది నిజమే, చదివినవాళ్లే తప్పుగా చదివారు. ఈ ఊరట ఆమెకు సిగ్గనిపించింది. ఆ సిగ్గు కూడా హాయిగానే ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె పదో మంచం దగ్గరికి వెళ్లింది. గదిలో ఉతికిన దుప్పట్ల వాసన. అరల నిండా తెల్లటి మడతలు, వాటి మధ్య ఇరుకున మంచం. చేర్చుకునే ఫారం ఒకటి నింపాలి. అంతకుముందే చెల్లెలికి విషయం చెప్పెయ్యాలని, మాటలు కూర్చుకుని వచ్చింది. స్టూలు దగ్గరికి జరుపుకుని, మీ అక్క కృతజ్ఞతగా చెప్పిన మాటను కంప్యూటరు తప్పుగా తీసుకుందనీ, పక్కవాటా ఆవిడ సాయం ఉంది కదా అని అంకె తగ్గించిందనీ, లేకపోతే బుధవారమే మీకు మంచం వచ్చేదేమోననీ చెప్పింది. తమ అందరి తరఫునా క్షమించమని అడిగింది.

చెల్లెలు అంతా విన్నాక, "ఏ పక్కవాటా ఆవిడ?" అంది.

"రోజూ వచ్చి చెయ్యి వేస్తుందని అక్కగారు అన్నారు కదా."

"వాళ్లు ఖాళీ చేసి వెళ్లి రెండేళ్లవుతోంది. ఉన్నప్పుడు కూడా ఎప్పుడూ లోపలికి రాలేదు."

ఫారాలమ్మ చేతిలో ట్యాబ్ అలాగే ఉంది. మరి ఆమె అలా ఎందుకు చెప్పిందని అడిగింది.

"మీరు అడిగారుగా. ఏదో ఒకటి చెప్పమన్నారు. దేవుడి ఇంటి నుంచి మనిషి వచ్చి అడుగుతుంటే, ఏమీ లేదని ఎలా చెప్పనే అంది, మీరు వెళ్లాక. నాకు ఒళ్లు మండింది. సాయంత్రం దాకా మాట్లాడలేదు దాంతో." ఆమె కప్పు వైపు చూసింది. "అబద్ధం చెప్పినందుక్కాదు. గదంతా వెతికిందండీ. పొయ్యిని చూసింది, మందుల డబ్బాను చూసింది. చెల్లెలుంది అని చెప్పొచ్చుగా. అదే అనుకున్నా నేను."

దుప్పట్ల గదికి తలుపు లేదు. నడవాలో అవతల ఎక్కడో మెకానిక్కు ఎవరి మీదో విసుక్కోవడం వినిపించింది.

ఫారాలమ్మ కళ్ల ముందుకు ఇత్తడి తాళం వచ్చింది. కప్పా, గొళ్లెం, వాటి మధ్య గూడు, గూటి మీద దుమ్ము. సోమవారం చూసింది. దాని ఎదుటే గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. ఆ తర్వాత పది నిమిషాలకే, ఆ తలుపు వెనక మనసున్న మనిషి ఒకావిడ ఉందని తన వేళ్లతో రాసింది, సంతోషంగా. కంప్యూటరు ఆ మెట్లు ఎక్కలేదు. దానికి తెలిసింది ఆమె చెప్పినంతే. ఊపిరి సర్దుకోవడానికి నిలబడిన మనిషికి కళ్లున్నాయి. ఆ కళ్లకు ఆ రోజు కావలసింది తలెత్తే మొహం ఒక్కటే.

నిన్న దొరికిన చోటు నుంచి బరువు కదిలి మళ్లీ వచ్చింది. ఈసారి ఎక్కడ ఉండాలో దానికి తెలుసు.

ఆమె ఫారం తెరిచింది. పేరు, వయసు, మందులు అడిగింది, చెల్లెలు చెప్పింది. చివరి గడి దగ్గరకు వచ్చేసరికి అది ఎర్రగా వెలుగుతోంది. ఇంజనీరు సోమవారానికి మారుస్తానన్నాడు, ఇవాళ ఆదివారం. ఫారాలమ్మ ఏమీ అడగలేదు. తనే టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నట్టు నెమ్మదిగా రాసింది.

"ఏం రాస్తున్నారు?" అంది చెల్లెలు. "నేనేమీ చెప్పలేదే."

ఫారాలమ్మ చదివి వినిపించింది. "పక్కవాటా తలుపుకు తాళం వేసి ఉంది. నేను చూశాను." కింద తన పేరు రాసింది, ఎవరికీ గుర్తులేని అసలు పేరు. అది కూడా చదివింది.

ఎరుపు పోయింది. గడి పచ్చబడి, ఫారం ఎప్పటిలాగే ముందుకు జరిగింది. ధన్యవాదాలు అని తెర మీద అక్షరాలు వచ్చాయి.

 చెల్లెలు క్షమించానని అనలేదు, క్షమించనని కూడా అనలేదు. కప్పు మీది తడి మరకను చూస్తూ ఉండిపోయింది. తర్వాత, ఎవరితోనూ కాకుండా గదితో అన్నట్టుగా, "టైమెంతయింది? పక్క మార్చే వేళ దాటినట్టుంది. నడుం లాగేస్తోంది," అంది.

ఫారాలమ్మ ట్యాబును దుప్పట్ల అరలో పెట్టింది. చీర కుచ్చెళ్లు దోపుకుని మంచానికి దగ్గరగా వచ్చింది. ఎలా పట్టుకోవాలో చెల్లెలు చెప్పింది. దుప్పటి అంచు చుట్టి పిడికిట్లో బిగించండి, మోకాలు పట్టెకు ఆనించండి, ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా మీ వైపు లాగండి, అక్క అలాగే చేసేది అని. ఆమె అలాగే బిగించింది, అలాగే ఆనించింది, లాగింది. మనిషి కదలలేదు. మళ్లీ లాగింది. భుజం కాస్త లేచి మళ్లీ వాలిపోయింది. మూడోసారి లాగేటప్పుడు ఆమె కళ్ల ముందు నల్లటి చుక్కలు తిరిగాయి.

ఆమె నడవాలోకి వెళ్లి ఆయాను పిలుచుకొచ్చింది. ఒకరు ఈ అంచు, ఒకరు ఆ అంచు పట్టుకున్నారు.

ఇద్దరు కావలసి వచ్చింది.